తొమ్మిదంతస్తులూ, చివరి వీధి కుళాయీ

నాకు సంతకం వరకే వచ్చు. అదీ జీతం పుచ్చుకోవడానికని నేర్చుకున్నది. అందుకని నేను చెబుతుంటే భవాని రాస్తోంది. నేను దిగిపోయాక పంచాయతీలో నీళ్ళు వదిలే పనిలోకి వచ్చింది ఈ పిల్లే. పిల్ల అంటున్నాను గానీ ఇద్దరు బిడ్డల తల్లి. "మీకు తెలిసిందంతా చెప్పండి పిన్నీ, నాకూ పనికొస్తుంది, నా తర్వాత వచ్చేవాళ్ళకీ పనికొస్తుంది" అంది. సరే అన్నాను. నేను చెప్పేదాంట్లో పని కొంతే. మిగతాదంతా భయం. ఈ పనిలో ఉన్నదే అది.

మాది రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్ళే దారిలో, ఊరు పెరుగుతూ పెరుగుతూ మింగేసిన పంచాయతీ. నేను కాపరానికి వచ్చినప్పుడు జీడిమామిడి తోటలు, ఇటుక బట్టీలు, మధ్యలో ఒక రైసు మిల్లు. తోటలు పోయి కాలనీ వచ్చింది. మాస్టర్లు, బ్యాంకు ఉద్యోగాలవాళ్ళు, కోనసీమలో పొలం అమ్ముకుని వచ్చినవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. బట్టీలు మూసేశాక అందులో పనిచేసిన మేము అక్కడే ఉండిపోయాం. దాన్ని ఇప్పటికీ బట్టీ వీధే అంటారు. నీళ్ళ ట్యాంకు రోడ్డు పక్కన ఉంది. అక్కణ్ణించి పైపు కాలనీలోకి వెళ్ళి, మిల్లు స్థలం దాటి, చివరికి మా వీధికి వస్తుంది. మా వీధి పాత బట్టీల్లో మిగిలిన ఇటుక ముక్కల రద్దు మీద లేచింది గనుక కాస్త మెరక. చివరా మాదే, మెరకా మాదే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే నేను చెప్పేదంతా అర్థమవుతుంది.

ట్యాంకు ఎక్కిన మనిషి

ఈ పని మొదట నాది కాదు, మా ఆయన సూరిబాబుది. మోటారు వేసి ట్యాంకు నింపడం, వీధి వీధికీ తిరిగి వాల్వులు తిప్పడం, కొన్నాళ్ళకోసారి ట్యాంకులోకి దిగి అడుగున పేరుకున్న ఒండు ఎత్తి బ్లీచింగు కొట్టడం. ఒక వానాకాలం పొద్దున అలాగే ఎక్కాడు. నేను క్యారేజీ పట్టుకుని కింద నిలబడ్డాను. పైనుంచి "కూరేంటే" అని అడిగాడు. "గోంగూర" అన్నాను. దిగబోతుంటే నిచ్చెన మెట్టు తుప్పుపట్టి ఉందేమో, ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆ తర్వాతది నేను చెప్పను. భవాని కలం పట్టుకుని నా మొహం వంక చూస్తోంది. ముందుకు పదమన్నాను.

అప్పటినుంచి ఎత్తయినది ఏదైనా సరే తలెత్తి చూడలేను. గుడి గోపురానికి కూడా కింద గడప చూసుకునే దణ్ణం పెట్టుకుంటాను.

నాకు ఆ పని ఇప్పించింది విక్టర్ మాస్టారు. కాలనీలో ఉంటారు, హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయారు, లూథరన్ చర్చిలో పెద్ద. నేను ఆయన మతం కాదు, ఆయన వీధీ కాదు. అయినా అర్జీ తనే రాసి, నన్ను స్కూటరు వెనకాల ఎక్కించుకుని ఆఫీసుల చుట్టూ తిప్పారు. టెంపరరీ కింద పెట్టుకున్నారు. దిగిపోయేదాకా ఆ టెంపరరీ మాట అలాగే ఉంది. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. టెంపరరీ మనిషిని ఎవరూ తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు. "నీది టెంపరరీయే కదా" అంటే చాలు, ఆ పూటకి అన్నం దిగదు.

వీరాస్వామి గారి చదువు

పని నేర్పింది వీరాస్వామి గారని ముసలి ఫిట్టరు. ఖాకీ నిక్కరు, నోటినిండా చుట్ట, నోరు తెరిస్తే బూతు. మంచివాడు. వాల్వు తిప్పే ఇనప రాడ్డు ఒక కొస వాల్వు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వినమనేవాడు. నీళ్ళకన్నా ముందు గాలి వస్తుంది, బుస్సుమంటుంది. ఆ గాలి పోయేదాకా ఆగాలి. తర్వాత కొంచెం కొంచెంగా తిప్పాలి.

"పైపు నిద్దరలో ఉంటాదే చిట్టెమ్మా. ఒక్కసారి లేపేవనుకో, తంతాది" అనేవాడు.

ఒకసారి ఎవరో పెద్దాయన ఊళ్ళోకి వస్తున్నాడని, దారి కడగాలి, నీళ్ళు గమ్మున వదలమని ఇంజనీరు గారు నా నెత్తిమీద నిలబడ్డారు. నిదానంగా తిప్పాలండీ అన్నాను. "నాకు చెబుతున్నావా" అన్నారు. రాడ్డు లాక్కుని తనే గిరగిరా తిప్పేశారు. రోడ్డు మధ్యలో పైపు పగిలి, నీళ్ళు కరెంటు స్తంభమంత ఎత్తు లేచాయి. ఆ పెద్దాయన కారు అందులోంచే వెళ్ళింది. తర్వాత ఇంజనీరు గారు అందరి ముందూ "ఆడమనిషిని పెడితే ఇంతే" అన్నారు. వీరాస్వామి గారు చుట్ట తీసి, తప్పు తన మీదేసుకుని, "రాడ్డు నా చేతిలో ఉందండి, నన్ననండి" అన్నాడు. ఆయనకి పింఛను దగ్గర పడింది కాబట్టి అనగలిగాడు. నేనైతే అనలేను. ధైర్యం చాలాసార్లు మనిషిని బట్టి కాదు, వాడి ఉద్యోగం ఎంత గట్టిదో దాన్ని బట్టి వస్తుంది.

మురుగు తాగిన వీధి

ఇది చెప్పాలంటే ఇప్పటికీ నోరు ఎండిపోతుంది.

కాలనీలో ఒకరు మొదలుపెట్టారు, కుళాయి పైపుకే మోటారు బిగించడం. పక్కింటివాళ్ళు చూసి వాళ్ళూ బిగించారు. ఏడాది తిరిగేసరికి అందరూ బిగించారు. తప్పని అందరికీ తెలుసు. పంచాయతీకీ తెలుసు. మోటారు ఎంత గట్టిగా లాగుతుందంటే, పైపులో నీళ్ళు లేనప్పుడు పక్కనున్న కాలవలో మురుగుని కూడా అతుకుల్లోంచి లోపలికి పీల్చేస్తుంది. మర్నాడు నేను నీళ్ళు వదిలితే ఆ మురుగు ముందుకు కొట్టుకుని పోయి చివరి వీధిలో తేలుతుంది. చివరి వీధి మాది.

ఒక ఎండాకాలం మా వీధిలో వాంతులు, విరేచనాలు. మా ఎదురింటి నూకాలు మనవరాలు పాలుతాగే పిల్ల. కళ్ళు లోపలికి పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక అలా చూస్తూ ఉండిపోయింది. రాజమండ్రి పెద్దాసుపత్రిలో సెలైను మీద ఉంచారు. నేను చూడ్డానికి వెళితే నూకాలు ఏమీ అనలేదు. నేను వదిలిన నీళ్ళే కదా. అన్నా బాగుండేది. ఊరికే పిల్ల అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. పిల్ల బతికింది, దేవుడి దయ. కానీ ఆనాటినుంచి నేను మా వీధి వాల్వు తిప్పగానే మొదటి నీళ్ళు దోసిట్లో పట్టి వాసన చూసేదాన్ని. బాగులేకపోతే కాలవలోకి వదిలేసేదాన్ని. భవానీ, నువ్వూ వాసన చూడు. చూసి కూడా ఒక గుక్క నువ్వు తాగాకే వాళ్ళకి వదులు.

తొమ్మిదంతస్తుల కబురు

మా కాలనీలో అందరివీ కింద ఒకటి, పైన ఒకటో రెండో అంతస్తులు. అంతకన్నా ఎత్తు కట్టకూడదని రూలు ఉండేదట. రోడ్డు వెడల్పు చేశాక ఆ రూలు మారుస్తారని కబురు వచ్చింది. మిల్లు స్థలం కొన్న బిల్డరు తొమ్మిదంతస్తులు కడతానని కాగితాలు పెట్టాడు. అభ్యంతరాలుంటే చెప్పండని పంచాయతీ గోడ మీద నోటీసు అంటించారు.

కాలనీ అంతా ఒక్కటయింది. పెళ్ళికి పిలిస్తే కూడా ఒకరింటికొకరు వెళ్ళనివాళ్ళు విక్టర్ మాస్టారి వరండాలో చాపలేసుకుని కూర్చున్నారు. ఎవరి భయం వాళ్ళది. ఎండ రాదని ఒకరు. గాలి రాదని ఒకరు. డాబా మీద వడియాలు పెట్టుకుంటుంటే పైనుంచి వందమంది చూస్తారని ఆడవాళ్ళు. నేల మెత్తన, అంత బరువుకి మా గోడలు బీటలిస్తాయని ఒక రిటైరైన ఓవర్సీరు గారు. మంటలంటుకుంటే ఫైరింజను తిరగదని ఇంకొకరు. చివరికి అందరూ ఒక కమిటీ వేసుకుని, ఆఫీసర్లు వినేది ఒక్క నీళ్ళ మాటేనని తేల్చారు. ఉన్నవాళ్ళకే నీళ్ళు చాలడం లేదు, ఇంకా ఇన్ని ఇళ్ళు వస్తే ఎలాగని అడగాలి.

నేను ఆ వరండా ఎదురుగా వాల్వు గుంట దగ్గర కూర్చుని అంతా విన్నాను. నా భయం వాళ్ళ భయంలాంటిది కాదు. బిల్డింగు వస్తే మిల్లు స్థలం మాకన్నా ముందుంది, దానికి పోయాకే మా వీధికి. వాళ్ళ మోటార్లు ఇళ్ళల్లో పెట్టుకునేవి కాదు, పెద్దవి. ఏం లాగుతాయో, మా కుళాయిల్లోకి ఏం పంపిస్తాయో. బిల్డింగు రాకపోతే మాత్రం కాలనీవాళ్ళు మోటార్లు తీస్తారా? ఎవరు గెలిచినా ఎండేది బట్టీ వీధే అనిపించింది. ఆ మాట ఎవరితో చెప్పను? ఎవరూ నన్ను అడగలేదు.

ఇద్దరూ ఒకే రోజు అడిగారు

ప్లానింగు ఆఫీసరు గురువారం పొద్దున చూడ్డానికి వస్తారని తెలిసింది. రెండ్రోజుల ముందు విక్టర్ మాస్టారు నా దగ్గరికి వచ్చారు. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి, ఆ రోజు నా పక్కన ట్యాంకు అరుగు మీద కూర్చున్నారు. ఏదో అడగడానికే అనుకున్నాను.

"గురువారం పొద్దున నువ్వు తిప్పకు చిట్టెమ్మా. ఆ ఒక్కపూటే. ఇందులో అబద్ధమేం లేదు. రేపు ఎలాగూ రాబోయేది ఆయనకి ఇవాళే చూపిస్తాం, అంతే."

ఆయన లేకపోతే నాకు అన్నం లేదు. కాలనీవాళ్ళకి ఇంటింటికీ బోరో, సంపో ఉంది. ఒక్కపూట నీళ్ళు రాకపోతే వాళ్ళకేం కాదు. మా వీధికి ఆ కుళాయి తప్ప ఇంకేమీ లేదు. అది చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆయన తల మీది తెల్ల జుట్టు చూసి "అలాగేనండి" అన్నాను.

సాయంత్రం బిల్డరు సూపర్వైజరు రాంబాబు బండి ఆపాడు. ఉప్పాడ వైపు కుర్రాడు, మాట తేనె. గురువారం కాస్త ఎక్కువ సేపు వదలమన్నాడు, నీళ్ళకి కరువు లేదని ఆఫీసరు గారికి కనపడాలట. కొత్త బిల్డింగులో ఆడమనిషికి పని ఉంటుంది, కిందనే గది ఇస్తారన్నాడు. నేను మాట్లాడకపోతే బండి స్టార్టు చేసి, వెళుతూ వెళుతూ, "మీది టెంపరరీయే కదండీ పిన్నిగారూ, ఆలోచించుకోండి" అన్నాడు. దానికీ "అలాగేనండి" అన్నాను.

మా వైపు అంతే. ఎదుటివాళ్ళు పెద్దవాళ్ళయితే కాదు అనే మాట నోట్లోంచి రాదు. అలాగేనండి అని ఇంటికొచ్చి వణుకుతాం.

పంచాయతీ సెక్రటరీ గారిని అడుగుదామని వెళ్ళాను. ఏదో ఒకటి ఆర్డరేస్తే ఆ పాపం ఆయనదవుతుందని ఆశ. ఆయన ఫోను చూసుకుంటూ, "నాకేం తెలీదమ్మా. నువ్వేం చేస్తావో చెయ్యి, నా పేరు రాకూడదు" అన్నారు. నేను పదిమంది సెక్రటరీల కింద చేశాను. కసురుకునేవాళ్ళని చూశాను, మందు తాగి వచ్చేవాళ్ళని చూశాను. వాళ్ళెవరూ నన్ను ఇంత భయపెట్టలేదు. చేతులు దులుపుకునే బాసుని మించిన ప్రమాదం ఈ ఉద్యోగంలో లేదు.

గురువారం

గురువారం తెల్లారి రాడ్డు పట్టుకుని వాల్వు దగ్గర నిలబడ్డాను. మా ఆయన ఉంటే ఏం చేసేవాడా అనుకున్నాను. ఏమీ తోచలేదు. చివరికి రోజూ ఎలా తిప్పుతానో అలాగే తిప్పాను. ధైర్యం కాదు అది. రెండు వైపులా గొయ్యి ఉంటే ఉన్నచోటనే నిలబడిపోతాం చూడండి, అలాగ.

అక్కడే అయింది అసలు సంగతి. గురువారం నీళ్ళు రావని కమిటీవాళ్ళు ముందే ఇంటింటికీ చెప్పి ఉంచారు. నీళ్ళు రావు అన్న మాట చెవిన పడితే మా ఊళ్ళో ఆడవాళ్ళు ఏం చేస్తారు? బుధవారమే అన్నీ నింపేశారు. డ్రమ్ములు, బక్కెట్లు, బిందెలు, స్నానాల తొట్లు, పాత రుబ్బురోలు గుంట కూడా వదల్లేదు. ఇంట్లో చోటు చాలక వరండాల్లో, వీధి మెట్ల మీద వరుసగా పెట్టారు. గురువారం రావనుకున్న నీళ్ళు వచ్చేశాయి. వచ్చిన నీళ్ళని ఎవరు వదులుకుంటారు? అందరూ మోటార్లు వేశారు. సంపులు పొంగాయి, డాబాల మీద ట్యాంకులు పొంగాయి, గొట్టాల్లోంచి ధారలు వీధిలో పడుతున్నాయి.

అప్పుడు ఆఫీసరు గారు కారు దిగారు.

కమిటీవాళ్ళు దండలు, అర్జీలు పట్టుకుని ఎదురెళ్ళారు. ఓవర్సీరు గారు వారం నుంచి కంఠతా పట్టిన ఉపన్యాసం మొదలెట్టారు, గుక్కెడు నీటికి అల్లాడిపోతున్నామండి అని. పంచె కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకునే చెప్పారు, కాళ్ళ కింద నీళ్ళు పారుతున్నాయి మరి. ఆఫీసరు గారు వరండాల్లో డ్రమ్ముల వంక చూశారు, కాలవ వంక చూశారు.

"ఈ అల్లాడేది ఈదలేక అండీ?" అన్నారు.

రాంబాబు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఆఫీసరు గారు మిల్లు స్థలం చూసి అక్కణ్ణించే వెనక్కి వెళ్ళిపోయారు. బట్టీ వీధిదాకా రాలేదు. వచ్చి ఉంటే చూసేవారు. కాలనీ అంతా తోడేసుకున్నాక ట్యాంకులో అడుగు మిగిలింది. మా కుళాయిల్లో దారప్పోగులా జారి, బిందెల అడుగులు తడిసి ఆగిపోయింది. నూకాలు ఖాళీ బిందె చంకనెట్టుకుని నా వైపు చూసింది. బిందె తిరగేసి గుమ్మం పక్కన పెట్టింది.

ఆ రోజునుంచి కాలనీలో నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి. "రాంబాబు ఏమిచ్చాడో" అని ఒకావిడ గేటు లోపలినుంచి నాకు వినపడేలా అంది. దానికి తగ్గట్టు రాంబాబు పూతరేకుల పెట్టె తెచ్చి, పట్టపగలు నడివీధిలో నా చేతిలో పెట్టి, చల్లగా ఉన్నారా పిన్నిగారూ అని వెళ్ళిపోయాడు. పాము పిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. తీసుకెళ్ళి పంచాయతీ ఆఫీసు టేబులు మీద పెట్టేశాను. సెక్రటరీ గారు తిన్నారు.

విక్టర్ మాస్టారు నాతో మాట్లాడ్డం మానేశారు. అన్నిటికన్నా అదే నన్ను తినేసింది.

మీటింగు

అభ్యంతరాలు వినడానికి పంచాయతీ పక్కన ఫంక్షను హాల్లో మీటింగు పెట్టారు. వేదిక మీద ఆఫీసరు గారు, సెక్రటరీ గారు. ఒక పక్క కాలనీ, ఒక పక్క బిల్డరు మనుషులు. బట్టీ వీధివాళ్ళని ఎవరూ పిలవలేదు. నేను కుర్చీలు తుడవడానికి వెళ్ళాను.

రెండు పక్కలా నీళ్ళ గురించి అరుచుకుంటుంటే ఆఫీసరు గారికి విసుగొచ్చి, నీళ్ళు వదిలే మనిషెవరని అడిగారు. అందరి తలలూ నా వైపు తిరిగాయి. ముందుకు రమ్మన్నారు. చేతిలో గుడ్డతోనే వెళ్ళాను. సెక్రటరీ గారు నా వంక చూశారు. రాంబాబు చూశాడు. మాస్టారు మాత్రం కింద నేల చూస్తున్నారు.

"అందరికీ సరిపోతున్నాయామ్మా?" అన్నారు ఆఫీసరు గారు.

"సరిపెడుతున్నానండి" అన్నాను.

"ఆ బిల్డింగు వస్తే?"

అబద్ధం చెబుదామన్నా అప్పటికి ఏదీ గుర్తు రాలేదు.

"ట్యాంకు ఒకటేనండి. ఆళ్ళకి ఇయ్యాలంటే ఇంకెవరికో కట్టెయ్యాలండి. ఏ వీధికి కట్టెయ్యమంటారో ఇప్పుడే అందరి ముందూ చెప్పెయ్యండి బాబూ. తర్వాత నన్నొక్కదాన్నీ పిలిచి చెప్పకండి. నాకు భయమండి."

ఎవరో వెనకాల నవ్వారు. రాంబాబు లేచి మా బోర్లు మేమే వేసుకుంటామన్నాడు. అయితే మా బోర్లు ఎండిపోతాయని కాలనీవాళ్ళు లేచారు. ఆఫీసరు గారు చెయ్యెత్తి, ఆ వివరాలు తర్వాత చూసుకోవచ్చన్నారు.

అప్పుడు విక్టర్ మాస్టారు లేచారు. క్లాసులో లేచినట్టు నిదానంగా లేచారు.

"తర్వాత చూసుకునేది ఎవరండీ? ఆ చిట్టెమ్మేగా. ఆవిడ అడిగిందానికి జవాబు చెప్పండి ముందు."

కమిటీవాళ్ళు సంతోషించారు. ఆయన ఇంకా కూర్చోలేదు.

"గురువారం నీళ్ళు కట్టెయ్యమని నేనే ఆవిణ్ణి అడిగాను. మా అందరికీ బోర్లున్నాయి. కట్టేస్తే బట్టీ వీధి ఏం తాగుతుందో మేం ఆలోచించలేదు. అదీ రాసుకోండి."

పక్కనున్న ఓవర్సీరు గారు ఆయన చొక్కా కొస పట్టుకుని కిందకి లాగుతున్నారు. ఆఫీసరు గారు కలం ఆపి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. రాసుకున్నారో లేదో నాకు తెలీదు. జవాబు మాత్రం చెప్పలేదు. టీలు వచ్చాయి, మీటింగు అయిపోయింది.

తొమ్మిదంతస్తులు ఆరయ్యాయి. మూడు తగ్గించామని కమిటీవాళ్ళు స్వీట్లు పంచుకున్నారు. ఆరు దక్కాయని రాంబాబు కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళ గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదని మాస్టారు చదివి చెప్పారు. అప్పటికి నాతో మాట్లాడుతున్నారు.

ఆరు శ్లాబులూ నా కళ్ళముందే లేచాయి. తలెత్తి చూడలేదు, చప్పుళ్ళు విన్నాను. ఆఖరి అంతస్తుకి రంగులు వేస్తుండగా నేను దిగిపోయాను. రాడ్డు భవాని చేతిలో పెట్టాను.

భవానికి వచ్చిన ఫోను

ఇది రాయనంటోంది భవాని. ఉద్యోగం పోతుంది పిన్నీ అంటోంది. పోవచ్చు. భయపడుతూనే రాయవే అన్నాను.

బిల్డింగులో జనం దిగడం మొదలయ్యాక, మొన్నీమధ్య ఒక పొద్దున ఈ పిల్ల మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహంలో నెత్తురు లేదు. సెక్రటరీ గారు ఫోను చేశారట. ఇవాళ్టినుంచి బట్టీ వీధికి రోజు విడిచి రోజు వదలమన్నారట. నా పేరు చెప్పకు, మోటారు పాడయిందని చెప్పు అన్నారట.

ఏం చెయ్యమంటారని నన్నడిగింది. తిప్పొద్దని నేనెలా అంటాను, అది నా వీధి. తిప్పమని ఎలా అంటాను, దానికిద్దరు పిల్లలు. ఉద్యోగం దిగిపోతే భయం కూడా దిగిపోతుందనుకున్నాను గానీ, దిగదు. చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్ళాను. అప్పటికే బిందెలు వరుసలో ఉన్నాయి. నూకాలు ముందుంది. పక్కన ఆ మనవరాలు, ఇప్పుడు బడికెళుతోంది, జడలేసుకుని.

"మోటారు పాడయిందని చెప్పమన్నారుగా, ఈళ్ళకి నువ్వే చెప్పు" అన్నాను.

భవాని నోరు తెరిచింది. నూకాలు పక్కనున్న పిల్లని చూసి మళ్ళీ మూసేసింది. నూకాలు బిందె కింద పెట్టి, "ఏమ్మా, ఇయ్యాల ఆలీసమా?" అంది, మామూలుగానే.

భవాని ఫోను తీసింది. సెక్రటరీ గారి నంబరు నొక్కింది. అందరికీ వినపడేలా పెట్టి చెయ్యి ముందుకు చాచింది.

"సార్, బట్టీ వీధిలో ఉన్నానండి. అందరూ ఇక్కడే ఉన్నారండి. మీరు పొద్దున చెప్పిన మాట మీరే ఒకసారి చెప్పండి సార్, ఆళ్ళు వింటారు."

ఫోనులో కుక్కరు కూత వినపడింది. ఆయన ఇంట్లోనే ఉన్నట్టున్నారు.

"ఇవాళ్టికి వదిలెయ్" అన్నారు. పెట్టేశారు.

భవాని గుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రాడ్డు దించింది. చెవి పెట్టి విని, గాలి పోయేదాకా ఆగి, నిదానంగా తిప్పింది. దోసిట్లో పట్టి వాసన చూసింది, ఒక గుక్క తాగింది. తర్వాత లేచి పక్కకి జరిగింది.

రేపటి సంగతి నాకు తెలీదు. ఆ పొద్దున మాత్రం చివరి బిందెదాకా నీళ్ళొచ్చాయి.